మా బుధవారం, సర్కారు సంచి

మా వదినె ఏ సంగతి చెప్పినా పండుగ నుంచి మొదలుపెడుతుంది. పీర్ల పండుగ అయినంక అంటుంది, ఎంగిలిపూల తెల్లారి అంటుంది. నేను తేదీ వేస్తాను, వారం వేస్తాను, కింద గీత కొడతాను. ముప్పై నాలుగేళ్లు బడిలో సాంఘికశాస్త్రం చెప్పిన చెయ్యి ఇది, ఇప్పుడు మానుకొమ్మంటే మానదు. అందుకే ఈ సంగతిని ఇద్దరం చెబితే రెండు రకాలుగా ఉంటుంది. వదినె లెక్కన ఇది ‘సంచుల లొల్లి అయిన బతుకమ్మ’. నా లెక్కన 2011 సెప్టెంబర్ 14, బుధవారం నుంచి 28, బుధవారం వరకు.

అప్పుడు జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి మూడూ వరంగల్ జిల్లాలోనే ఉండేవి. తెలంగాణ కోసం సకల జనుల సమ్మె 13న మొదలైంది. బడులు, ఆఫీసులు మూతపడ్డాయి. ఆ తర్వాత కొన్నాళ్లకు బస్సులూ ఆగాయి. మా జనగామ చౌరస్తాలో దీక్షా శిబిరం మాత్రం సమ్మెకు ముందు నుంచే ఉంది. దాన్ని అందరూ టెంటు అనేవాళ్లు. రోజుకొక సంఘం వంతు వచ్చి పొద్దున్నుంచి సాయంత్రం దాకా కూర్చోవాలి. బుధవారం ఆడవాళ్లది.

ఆ బుధవారం మాకు ఎవరో పిలిచి ఇచ్చింది కాదు. మొదట్లో ఆడవాళ్లు ఏ రోజు వచ్చినా వెనక వరుసలోనే కూర్చునేవాళ్లు. మైకు వాళ్ల దాకా వచ్చేది కాదు. జనగామ పక్కనున్న నర్మెట్ట నుంచి పొదుపు సంఘాల ఆడవాళ్లను వెంటబెట్టుకుని వచ్చే మా వదినె ఒకనాడు లేచి, మాకూ ఒక రోజు కావాలంది. టెంటు బాధ్యత చూసే బట్టల దుకాణం పెద్దమనిషి నవ్వుతూ, “అక్కా, ఆడోళ్లు వంటలు, పిల్లలు ఇడిసిపెట్టి దినమంత కూసుంటరా?” అన్నాడు.

వదినెకు ఎక్కడో తగిలింది. “యాబై మందికి తక్కువ కూసుంటే నన్నడుగు. వరుసగ రెండు వారాలు తక్కువైతే మా దినం గుంజుకో, ఇంకొకలకు ఇయ్యి” అంది.

ఆ యాభై షరతు ఎవరూ పెట్టలేదు. తనకు తానే పెట్టుకుంది. ఆ మాట గుర్తుంచుకోండి, ముందు పని పడుతుంది.

మొదటి బుధవారం వదినె మైకు పట్టుకుని టెంటంతా ఒకసారి కలియజూసింది. తర్వాత, “నా పెండ్లప్పుడు గూడ నన్ను ఇంత ముందట కూసోవెట్టలే” అంది. టెంటు టెంటంతా నవ్వింది. అప్పటి నుంచి బుధవారం అంటే వదినెకు ప్రాణం. ఆ రోజు మా దగ్గరి నుంచి ఎప్పుడు జారుతుందా అని లారీ ఓనర్ల సంఘం వాళ్లు కాచుకుని ఉన్నారు. వాళ్లకు సొంత లౌడ్‌స్పీకర్లు ఉన్నాయి. మిర్చి బజ్జీలు కూడా పంచుతారు.

సమ్మె మొదలైన మంగళవారం సాయంత్రం కూరగాయల మార్కెట్లో నర్మెట్ట అవ్వ ఒకామె నా చెయ్యి పట్టుకుని ఆపింది. మా టెంటులో అందరికంటే పెద్ద గొంతు ఆమెదే. ఆ రోజు మాత్రం గుసగుసగా మాట్లాడింది.

“తెలంగాణ వస్తే సర్కారు అప్పంత మన నెత్తికే రుద్దుతరటనే. తలకింత అని రాస్తరట. అంతకన్న ముందుగాల మన సంఘాల అప్పు ఒక్కపాలి కట్టిచ్చుకుంటరట.”

“ఎవరన్నారు అవ్వా?”

“అందరంటున్నరు. అందరంటే ఎవలెవలని అడుగుతవా ఏంది, జనాభా లెక్కలు రాస్తవా?”

నాకు లోపల సంతోషం వేసింది. ఇది నా పాఠం. సర్కారు చేసే అప్పుకు హద్దు ఎక్కడుంది, దాన్ని ఎవరు గీశారు అన్నది రాజ్యాంగంలో రెండు అధికరణాల్లో ఉంది. రెండు వందల తొంభై రెండు కేంద్రానికి, రెండు వందల తొంభై మూడు రాష్ట్రాలకు. పిల్లలకు చెప్పినప్పుడల్లా ఆ పాఠంలో సగం మంది నిద్రపోయేవాళ్లు. ఇప్పుడు ఊరి ఆడవాళ్లు తమంతట తాము అడుగుతున్నారు. ఇలాంటి అదృష్టం ఏ టీచరుకు వస్తుంది?

మర్నాడు, 14న, మైకు అడిగి తీసుకున్నాను. గొంతు సవరించుకుని ఇలా మొదలుపెట్టాను: “రాజ్యాంగం రెండు వందల తొంభై మూడో అధికరణం ప్రకారం రాష్ట్ర ప్రభుత్వం తన సంచిత నిధి పూచీకత్తుపై, శాసనసభ చట్టం ద్వారా నిర్ణయించే పరిమితులకు లోబడి, దేశం లోపలే రుణం తీసుకోవచ్చు.” అది ఒక్క తప్పు లేని వాక్యం. ఇప్పటికీ అదే మాట అంటాను. సంచితం అంటే కూడబెట్టినది. సర్కారుకు వచ్చే పన్నులు, రాబడి, తెచ్చే అప్పులు అన్నీ పోయి చేరే పెద్ద ఖాతా అది. సభ ఒప్పుకోనిదే అందులోంచి రూపాయి బయటికి రాదు. సర్కారు అప్పుకు పూచీ ఆ ఖాతానే గానీ ఎవరి ఇల్లూ కాదు, ఎవరి సంఘమూ కాదు. నేను చెప్పింది అదే.

మైకు ఆ రోజు సరిగ్గా లేదు. మాట మధ్యలో గురగుర అంటోంది. అయినా అందరూ తలలు ఊపారు. తల ఊపడం ఎంత ప్రమాదమో ముప్పై నాలుగేళ్లు తరగతిలో చూసిన మనిషిని, ఆ పూట మరిచిపోయాను.

శుక్రవారం పొద్దున వదినె షేర్ ఆటో దిగి నేరుగా నా ఇంట్లోకి వచ్చింది. చెప్పులు కూడా గడప అవతల సరిగ్గా విడవలేదు.

“టీచరమ్మా, మైకుల ఏం సంచి చెప్పినవే?”

“సంచా? నేను సంచి అనలేదు వదినె. సంచిత నిధి అన్నా.”

“నిధి సంగతి ఎవ్వలకు యాదికి లేదు. సంచి సంగతే నర్మెట్ట దాక వచ్చింది. సర్కారు అప్పుకు ఇంటికొక సంచి పూచీ అట. వడ్ల సంచి. బాయి ఉన్నోళ్లకు రెండట. టీచరమ్మే మైకుల చెప్పింది, ఇగ అబద్ధం ఎట్లయితది అంటున్నరు.”

“మరి పూచీకత్తు?”

“ఇయ్యకుంటే కత్తి వెడతరట.”

నాకు నవ్వు వచ్చింది. వదినెకు రాలేదు. “మా వాడకట్టుల వడ్లు దాసిపెడుతున్నరు. నువ్వు నవ్వు. బుధవారం ఎవలొస్తరు?”

“సంచితం అంటే కూడబెట్టింది అని అర్థం వదినె.”

“గట్లయితే కూడవెట్టింది అనరాదా? అంటే నీ నోట్లె ముత్యాలు రాలిపోతయా?”

21న పదకొండు మంది వచ్చారు. అందులో వదినె, నేను ఇద్దరం. మిగతా తొమ్మిది మందిలో ఒకామె బస్సు లేక ఇంటికి పోలేక కూర్చుంది. సాయంత్రం బట్టల దుకాణం పెద్దమనిషి వచ్చి, బాధగానే, “అక్కా, షరతు మీరు పెట్టిందే” అన్నాడు. లారీ ఓనర్ల సంఘం నుంచి ఒకతను టెంటు కర్రలను చేతితో తట్టి చూస్తున్నాడు, పెండ్లి సంబంధానికి వచ్చినవాడు ఇంటి గోడలు తట్టినట్టు. వదినె అతని వంక చూసి, “ఇంక ఒక వారమున్నది అన్నా. కర్రలు ఏడికి వోవు” అంది.

ఆ రాత్రి భూపాలపల్లి నుంచి మా చెల్లె ఫోన్ చేసింది. ఆమె భర్తది బొగ్గు బావిలో పని. అక్కడా అదే పుకారు తిరుగుతోందట, సంచి లేకుండా. మహబూబాబాద్‌లో మాత్రం ఆడవాళ్లు టెంటు నిండా కూర్చుంటున్నారని నా స్నేహితురాలు చెప్పింది. స్టేషన్ దగ్గర కుట్టు దుకాణం ఆమెది. నేను కొన్నేళ్లు ఆ ఊళ్లో పనిచేసినప్పుడు మా ఇంటి పక్కనే ఉండేది. మేమంతా అక్కా అన్నట్టు ఆపా అంటాం. “గక్కడ ఎట్ల కూసుంటున్నరో సూసొద్దాం పా” అంది వదినె. గురువారం 22న ప్యాసింజర్ బండి ఎక్కాం.

మహబూబాబాద్‌ను వదినె ఎప్పుడూ మానుకోట అనే అంటుంది. పోయిన ఏడాది ఉద్యమంలో జనం రువ్వినప్పటి నుంచి ఆ స్టేషన్ రాళ్లకు ఎంత పేరు వచ్చిందో తెలుసు కాబట్టి, దిగగానే పట్టాల పక్కన ఒక కంకర రాయి ఏరి కొంగున ముడి వేసుకుంది. “ఎందుకు వదినె?” అంటే, “ఉండనీ, లారీలోళ్లకు సూపెడత” అంది.

ఆపా మిషను మీది నుంచి లేవకుండానే మా కథంతా విన్నది. సంచి దగ్గరికి వచ్చేసరికి మిషను ఆపేసింది. కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వింది.

“అరే టీచరమ్మా, ఏం జబాన్ అది! పూచీకత్తు అనుడేంది? జామీను అను. పొద్దుగాల లేస్తే జామీన్ల మీదనే బతుకుతున్నం, ఎవరికి తెల్వదు? సంచిత నిధి అనుడేంది? ఖజానా అను.”

“ఖజానా అంటే ట్రెజరీ ఆఫీసు ఆపా. సంచిత నిధి ఆఫీసు కాదు. అదొక...”

“నువ్వు పరీక్ష రాస్తున్నవా, మనిషికి చెప్తున్నవా?” అని జాకెట్టు గుడ్డ ఒకటి తిరగేసి చూపించింది. లోపల అతుకు దగ్గర అంగుళం గుడ్డ మడత పెట్టి ఉంది. “గిది చూడు. గీ అంగుళం బయటికి కనపడదు. అది లేకుంటే జాకెట్ పిగిలిపోతది. నీ సంచిత నిధిని గిట్లనే లోపట మడిచి కుట్టు. బయటికి ఖజానా అనే ఉండనీ.”

నేను ఒప్పుకోవడానికి కొంచెం సమయం పట్టింది. ఖజానా అన్న మాటకు మార్కులు వేయమంటే ఇప్పటికీ పదికి ఏడే వేస్తాను. కానీ ఆ మధ్యాహ్నం అక్కడి టెంటులో ఆపా లేచి, “సర్కారు అప్పుకు సర్కారు ఖజానానే జామీను. మీ ఇల్లు కాదు, మీ బంగారం కాదు, మీ సంఘం పైసలు కాదు” అన్నప్పుడు ఎవరూ తల ఊపలేదు. దానికి బదులు వెనక నుంచి ఒకామె అడిగింది: “ఖజానా జామీనైతే ఎంతంటే అంత తేవచ్చా మరి?”

అడిగారంటే అర్థమైనట్టు. నాకు అప్పుడు మైకు ఇచ్చారు. హద్దు వేసే అధికారం శాసనసభకు రాజ్యాంగమే ఇచ్చిందని, మన సభ 2005లో అలాంటి చట్టం చేసిందని చెప్పాను. రాష్ట్రం మొత్తం ఒక ఏడాదిలో పండించి, తయారుచేసి, సంపాదించేదంతా వంద రూపాయలు అనుకుంటే, సర్కారు తన రాబడికి మించి పెట్టే ఖర్చు మూడు రూపాయలు దాటకూడదు. ఆ మూడు రూపాయలే ఆ ఏడాది కొత్త అప్పు. వదినె నా పక్కన కూర్చుని పెదవులు కదుపుతోంది. నేను అనుకున్నాను, జపం చేస్తోందని. వందకు మూడు, వందకు మూడు అని బట్టీ పడుతోంది.

శుక్రవారం జీపులో నర్సంపేట మీదుగా భూపాలపల్లి పోయాం. మరునాటి నుంచి రైళ్లు కూడా ఆపుతారని తెలిసి, చెల్లె మమ్మల్ని సోమవారం దాకా కదలనీయలేదు. బావుల పని కూడా బందు కాబట్టి మగవాళ్లంతా క్వార్టర్లలోనే ఉన్నారు. గుంపులుగా పేకాట. ఆడవాళ్లకు అది సమ్మె కంటే పెద్ద కష్టం. పూటకు నాలుగు సార్లు చాయ్ పెట్టలేక ఒకామె, “తెలంగాణ జల్దీ రావాలె, లేకుంటే వీళ్లు జల్దీ బాయిల దిగాలె” అంది.

శనివారం చెల్లె వాళ్ల వరండాలో పదిహేను మంది దాకా చేరారు. నేను ఈసారి ఖజానా అన్నాను, జామీను అన్నాను, వందకు మూడు అన్నాను. మాటలు బండి చక్రాల్లా దొర్లాయి.

“మూడు దాటితె ఎవలాపుతరు?” అని చెల్లె అడిగింది.

“అక్కడే ఉంది అసలు ముడి” అన్నాను. “రాష్ట్రం ఢిల్లీ దగ్గర తెచ్చుకున్న అప్పు ఇంకా కొంచెమైనా మిగిలి ఉంటే, ఢిల్లీ సమ్మతి లేకుండా కొత్త అప్పు ఎక్కడా తేకూడదు. రెండు వందల తొంభై మూడు, మూడో క్లాజు. సమ్మతి ఇచ్చేటప్పుడు ఢిల్లీ షరతులు కూడా పెట్టవచ్చు. అది నాలుగో క్లాజు.”

“గిది మా సంఘం లెక్కనే ఉన్నది గదనే అక్కా! పాత బాకీ ఉన్నామె కొత్తది తీస్కోవాలంటే మేమందరం సంతకం వెట్టాలె. వెట్టుడు ఇష్టం లేకపోతె పెన్ను దొరుకతలేదంటం.”

“ఢిల్లీ కూడా అప్పుడప్పుడు పెన్ను వెతుకుతుంది” అన్నాను.

“మరి ఢిల్లీకి ఎవలు హద్దు వెడతరు?” పక్క క్వార్టరామె అడిగింది.

“పార్లమెంటు. రెండు వందల తొంభై రెండో అధికరణం. 2003లో చట్టం కూడా చేసింది.”

“అంటే ఢిల్లీకి ఢిల్లీయే?”

“ఒక రకంగా అంతే. చట్టం చేసిన అయిదారేళ్లకే, కష్టకాలం వచ్చిందని ఆ గడువులను పక్కన పెట్టారు కూడా.”

ఆమె చేతులు తిప్పింది. “ఇగో, మా ఆయన గూడ గంతే. వారానికి ఒక్కటే సీస అని తనకు తనే సట్టం జేసుకున్నడు. సమ్మె మొదలైందని దానికి సవరణ జేసిండు.”

పేకాట దగ్గరి నుంచి ఆయన గొంతు వినిపించింది: “సవరణ గాదే, ఆర్డినెన్స్!”

వరండా పగిలిపోయేలా నవ్వారు. వదినె ఒక్కతే నవ్వలేదు. కొంగు ముడిలోని రాయిని వేళ్లతో అటూ ఇటూ దొర్లిస్తోంది.

“ఏమైంది వదినె?”

“నేను గూడ నా మీద నేనే సట్టం జేసుకున్న గదా. యాబై అని.”

“ఆయనను అడిగితే తగ్గిస్తాడేమో. మంచి మనిషే.”

“అడుగ” అంది. “చెప్పిన మాట చెప్పినట్టే.”

నవ్వులు తగ్గాక చెల్లె ఇంకో మాట అడిగింది. అది మొదటి మాటలన్నింటికంటే బరువైనది. “అక్కా, కొత్త రాష్ట్రం వస్తదనుకో. పుట్టంగనే దానికి బాకీ ఉంటదా?”

నేను ఉంటుందన్నాను. పాత రాష్ట్రం అప్పుల్లో వాటా వస్తుంది. ఎంత వాటా అన్నది విభజన చట్టంలో పార్లమెంటు చెబుతుంది. ఢిల్లీకి ఉన్న బాకీ కూడా అందులో వస్తుంది కాబట్టి మొదటి రోజు నుంచే అప్పుకు ఢిల్లీ సమ్మతి అడగాలి. (ఆ తర్వాత జరిగింది అదే. 2014లో జనాభా లెక్కన పంచారు. నూటికి నలభై ఒకటి పాయింట్ ఆరు ఎనిమిది. వదినె ఇప్పటికీ నలభై రెండు అంటుంది. నేను ఇప్పటికీ దిద్దుతాను.) కానీ ఆ శనివారం వరండాలో ఆ మాట పడగానే ఇద్దరు ముగ్గురు చాయ్ పెట్టాలంటూ లేచిపోయారు. వదినె నా మోచేతిని గట్టిగా గిల్లింది.

సోమవారం తిరుగు ప్రయాణంలో, జీపులో ఇద్దరం పోట్లాడుకున్నాం.

“గా పుట్టంగనే బాకీ ముచ్చట జనగామల చెప్పకు.”

“చెప్పాలి వదినె. నిజం అది.”

“చెప్పితె పదకొండు మంది గూడ రారు. నా బుధవారం పోతది.”

“చెప్పకపోతే రేపు తెలంగాణ వచ్చాక వాళ్లు నిన్నే అడుగుతారు, ముందే ఎందుకు చెప్పలేదని. అప్పుడేం చెప్తావు, టీచరమ్మ పెన్ను దొరకలేదంటావా?”

వదినె పరకాల దాటేదాకా మొహం రోడ్డు వైపు తిప్పుకుని కూర్చుంది. ఆత్మకూరు దగ్గర ఒక్కసారిగా, “నేను ఏరువడ్డది ఎప్పుడే?” అంది.

“డెబ్భై నాలుగు, మే నెల.” మా పెద్ద ఇంట్లో అన్నలు వేరు పడ్డ రోజు అది. నేను డిగ్రీ చదువుకుంటున్నాను.

“బాయి తవ్విచ్చిన అప్పు అప్పటికి తీరిందా?”

“లేదు. రెండు పాళ్లు చేశారు.”

“ఊఁ” అంది. వేళ్లు మళ్లీ కొంగు ముడిలోని రాయి మీదికి పోయాయి.

మంగళవారం ఎంగిలిపూల బతుకమ్మ, పండుగ మొదటి రోజు. వదినె నర్మెట్టలో ఆట దగ్గర ప్రతి గుంపుకూ ఒకటే మాట చెప్పిందట: “రేపు టెంటుకు వచ్చెటోళ్లు ఒక్కొక్క ఖాళీ సంచి తెచ్చుకోండ్రి. ఎందుకంటే గక్కడనే చెప్త.” నాకు కూడా ఫోన్ చేసి అదే చెప్పింది. ఎందుకు అని అడిగితే, “నువ్వు గూడ గక్కడనే ఇను” అంది. నాకు భయం వేసింది. ఖాళీ సంచులు తెమ్మంటే, వడ్లు దాచుకున్నవాళ్లు ఇంకా గట్టిగా తలుపులు వేసుకోరా?

ఆ రాత్రి వాన పడింది. బుధవారం పొద్దున టెంటుకు పోయి చూస్తే జంపఖానాలన్నీ తడిసి, తాడు మీద వేలాడుతున్నాయి. కింద బురద. తొమ్మిదిన్నరకు ఇరవై మంది వచ్చారు. పదికి ముప్పై ఎనిమిది. వాళ్లు గోనెసంచులు, యూరియా సంచులు, పిల్లల బడి సంచులు తెచ్చారు. ఇంకా చాలామంది ఆడవాళ్లు రోడ్డు అవతల కిరాణా దుకాణం అరుగు దగ్గర నిలబడి మా వైపు చూస్తున్నారు. టెంటులోకి రారు, ఇంటికీ పోరు. నర్మెట్ట అవ్వ కూడా అక్కడే ఉంది, చంకలో మడిచిన గోనెసంచితో. పదకొండుకు లెక్క చూస్తామని బట్టల దుకాణం పెద్దమనిషి ముందే చెప్పాడు. లారీ ఓనర్ల సంఘం అతను బజ్జీల పిండికి మనిషిని పంపాడని నాకు ఎవరో చెప్పారు.

వదినె మైకు తీసుకుంది. రోడ్డు అవతలికి తిరిగి మాట్లాడింది.

“మొన్న మా టీచరమ్మ సంచి అన్నది. మీరు ఇన్నరు. నేను గూడ ఇన్న. ఇగో నా సంచి.” ఖాళీ గోనెసంచిని తిరగేసి దులిపింది. రెండు వడ్ల గింజలు రాలాయి. “ఏమున్నది దీంట్ల? సర్కారుకు గిదెందుకు? సర్కారు అప్పుకు సర్కారు ఖజానానే జామీను. మీ వడ్లు మీ గుమ్ములనే ఉండనీయుండ్రి, మక్కిపోతయి దాసిపెడితె. సర్కారు గూడ ఎంతంటె అంత తేరాదు. వందకు మూడు. దాటాలంటె ఢిల్లీని అడుగాలె. గిదంత రెండొందల తొంబై మూడో సెక్షన్ల రాసున్నది.”

“సెక్షన్ కాదు వదినె, అధికరణం!” నా నోరు ఆగలేదు. “వందకు మూడు అందులో లేదు, 2005 చట్టంలో ఉంది!”

“సూసిన్రా? రాష్ట్రానికి ఢిల్లీ హద్దు వెడతది. నాకు మా ఆడిబిడ్డ వెడతది.”

అరుగు దగ్గర నవ్వులు. ఇద్దరు రోడ్డు దాటారు.

వదినె నవ్వలేదు. మైకును కొంచెం దగ్గరికి తీసుకుంది. “ఇంకోటి చెప్త. చెప్పద్దనుకున్న. మా ఆడిబిడ్డ ఊకోలే. తెలంగాణ వచ్చిననాడు బాకీతోనే వస్తది. పాతదాంట్ల మన పాలు మనకొస్తది. లేదంటె అది అబద్ధం.”

రోడ్డు దాటబోతున్న ఇంకొకామె అరుగు దగ్గరే ఆగిపోయింది. 

“నేను ఏరువడ్డనాడు నాకు రెండు బిందెలు, ఒక గంజు, బాయి అప్పుల సగం వచ్చినయి. బాకీ వద్దు, ఉమ్మడిల్నే ఉంట అన్ననా? అనలే. గా పూట నా పొయ్యి నేను ముట్టిచ్చుకున్న. పప్పుచారుల ఉప్పెక్కువైంది. ఎవ్వలు తిట్టలే. గంత కమ్మటి చారు మళ్ల నేను తాగలే.”

అవతలి నుంచి అవ్వ గొంతు లేచింది, ఈసారి అసలు గొంతుతో. “బాకీ లేని ఏరు ఏడున్నదే పిల్లా? మా అత్త నాకు బాకీ ఇచ్చింది, బర్రెను గూడ ఇయ్యలే!”

అంటూనే రోడ్డు దాటింది. బురద చూసింది, తడిసిన జంపఖానాలు చూసింది, చంకలోని గోనెసంచి తీసి పరిచి దాని మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది. ఆమె వెనక అరుగంతా దిగింది. ఒక్కొక్కరే సంచి పరుచుకుని కూర్చుంటున్నారు. సంచుల సంగతి వదినె దులపడానికే అనుకుంది, వాన సంగతి ఆమెకు ముందు తెలియదు. అయినా ఆ తర్వాత నెల రోజులు అదంతా తన ముందుచూపే అని చెప్పుకు తిరిగింది.

పదకొండుకు పెద్దమనిషి లెక్కపెట్టాడు. అరవై మూడు. నేనూ లెక్కపెట్టాను. అరవై రెండు. అవ్వను రెండుసార్లు లెక్కపెట్టావని ఆయనతో అన్నాను. “మనిషి రెండంతలున్నది, ఏం జేయాలె టీచరమ్మా” అన్నాడు.

మధ్యాహ్నానికి లారీ ఓనర్ల సంఘం వాళ్ల బజ్జీలు వచ్చాయి. ఎటూ కలిపిన పిండి, పారేయలేక మాకే పంపారు. వదినె కొంగు ముడి విప్పి, మానుకోట రాయిని బజ్జీలు తెచ్చినతని చేతిలో పెట్టి, “కర్రలు కదులకుండ మొదట్ల వెట్టుకో అన్నా” అంది. అతను నవ్వి జేబులో వేసుకున్నాడు.

సాయంత్రం టెంటు బోర్డు మీద ‘బుధవారం – మహిళలు’ అని సుద్దముక్కతో మళ్లీ దిద్దుతూ పెద్దమనిషి ఆగాడు. “అక్కా, ఇన్ని తిప్పలు ఎందుకు? వానలు, పండుగలు ఉన్నయి. గా యాబైని ముప్పై చేద్దామా?”

వదినె తన గోనెసంచి దులిపి మడిచి చంకలో పెట్టుకుంది.

“వద్దన్నా. యాబై అంటె యాబయే. సవరణలు భూపాలపల్లిల జేస్తరు.”